ప్రశాంత చంద్ర మహలనోబిస్

ప్రశాంత చంద్ర మహలనోబిస్ (జూన్ 29, 1893 - జూన్ 28, 1972) సుప్రసిద్ధ భారతీయ గణాంకశాస్త్రవేత్త, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపకుడు. రెండవ పంచవర్ష ప్రణాళిక రూపశిల్పిగా ఇతని పేరు దేశమంతటా తెలిసినదే అయినా, శాస్త్రలోకంలో ఇతడిని చిరస్థాయిగా నిలిపినది 'మహలనోబిస్ దూరం' అనే కొలమానం. అనేక కొలతలను ఒకే సంఖ్యగా కుదించి, ఒక వ్యక్తి లేదా వస్తువు ఏ వర్గానికి దగ్గరో తేల్చే ఈ పద్ధతి నేటి మెషీన్ లెర్నింగ్‌లోనూ వాడుకలో ఉంది.

జీవితం

ఇతడు కలకత్తాలో ఒక బ్రహ్మసమాజ కుటుంబంలో జన్మించాడు. ప్రెసిడెన్సీ కళాశాలలో 1912లో భౌతికశాస్త్ర పట్టా పొంది, కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో చదివాడు. శ్రీనివాస రామానుజన్‌తో పరిచయం అక్కడే కలిగింది. బయోమెట్రికా అనే పత్రిక సంపుటాలు చదవడంతో గణాంకశాస్త్రంపై ఆసక్తి పెరిగింది. 1915లో తిరిగివచ్చి ప్రెసిడెన్సీలోనే భౌతికశాస్త్ర అధ్యాపకుడయ్యాడు.

1920లో నాగపూరులో జరిగిన సైన్సు కాంగ్రెస్ సమావేశంలో జంతుశాస్త్రవేత్త నెల్సన్ అనండేల్ ఇతడిని కలిసి, కలకత్తాలోని ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలను విశ్లేషించవలసిందిగా కోరాడు. రెండు జనసమూహాలు ఎంత దగ్గరివి, ఎంత దూరమైనవి అన్న ప్రశ్న ఆ పనిలోనుంచే పుట్టింది. 1931లో సంస్థను, 1933లో సాంఖ్య పత్రికను ప్రారంభించాడు. దూరాన్ని వివరించిన ప్రసిద్ధ వ్యాసం 1936లో వెలువడింది.

మహలనోబిస్ దూరం

రెండు సమూహాల సగటు ఎత్తులో 4 సెం.మీ. తేడా ఉన్నదనుకొందాం. ప్రతి సమూహంలోనూ ప్రామాణిక విచలనం 2 సెం.మీ. అయితే ఆ తేడా పెద్దది, దూరం 2. విచలనం 8 సెం.మీ. అయితే దూరం 0.5 మాత్రమే. అసలు చిక్కు కొలతలు పెరిగినపుడు వస్తుంది. పొడుగు మనిషికి కాళ్ళు కూడా సాధారణంగా పొడవుగానే ఉంటాయి. ఎత్తును, కాలి పొడవును విడివిడిగా కూడితే ఒకే తేడాను రెండుమార్లు లెక్కించినట్లవుతుంది. ఇటువంటి సహసంబంధాన్ని లెక్కలోకి తీసుకోవడమే ఈ కొలమానంలోని విశేషం.

అదే 1936లో ఇంగ్లండులో రోనాల్డ్ ఫిషర్ ఐరిస్ పువ్వుల నాలుగు కొలతలకు తగిన భారాలిచ్చి ఒకే మొత్తంగా కూర్చాడు. రెండు వర్గాలలోని విచలనాలు, సహసంబంధాలు సమానమైనపుడు, దూరాల వర్గాలను పోల్చితే కొలతల వర్గపదాలు రద్దయిపోతాయి. మిగిలేది ఫిషర్ చెప్పినటువంటి మొత్తమే. అది ఒక హద్దుకు ఈవల ఉంటే మొదటి వర్గం, ఆవల ఉంటే రెండవది. కాగితం మీద ఎవరైనా సరిచూసుకోగల నిర్ణయ నియమమిది.

తెలుగువారితో సంబంధం

ఈ మార్గాన్ని విస్తరించినవారిలో ప్రముఖుడు కల్యంపూడి రాధాకృష్ణారావు. ఇతడు 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎం.ఏ. పూర్తిచేసి, 1941లో మహలనోబిస్ సంస్థలో చేరాడు. 1946లో కేంబ్రిడ్జి వెళ్ళి, సూడానులోని జెబెల్ మోయా త్రవ్వకాలలో లభించిన అస్థిపంజరాల కొలతలకు గురువు కనిపెట్టిన దూరాన్ని అన్వయించాడు. ఫిషర్ పర్యవేక్షణలో 1948లో డాక్టరేటు పొందాడు. రెండు వర్గాలకు పరిమితమైన నియమాన్ని అనేక వర్గాలకు విస్తరించిన ఇతని వ్యాసం ఆ ఏడాదే వెలువడింది. ఇతడు 2023లో మరణించాడు.

పరిమితులు

ఏ వర్గానికీ చెందని వ్యక్తిని ఇచ్చినా ఈ నియమం దగ్గరి వర్గాన్నే చూపుతుంది. పైగా ఆ వర్గాలు లెక్క తేల్చినవి కావు. కొలిచేవారు ముందే పెట్టుకొన్నవి. ముక్కు కొలతలకూ కులాల హెచ్చుతగ్గులకూ ముడిపెట్టిన రిస్లీ అనే అధికారి ప్రచురించిన బెంగాలు అంకెలను మహలనోబిస్ 1933లో పునఃపరిశీలించి సవరించాడు. అయితే కులాలవారీగా మనుషులను కొలిచే పనిని మాత్రం ఇతడు మానలేదు. 1941లో సంయుక్త పరగణాలలో జరిగిన అటువంటి సర్వే ఫలితాలను డి.ఎన్. మజుందార్, రావులతో కలిసి 1949లో ప్రచురించాడు. ఆనాటి జాతి సిద్ధాంతాలకు నేడు శాస్త్రగౌరవం లేదు. వాటి కోసం పుట్టిన గణితం మాత్రం నిలిచింది.

తరువాతి కాలం

1945లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1968లో పద్మవిభూషణ్ లభించాయి. 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వేకు ఇతడే మూలపురుషుడు. 2007 నుండి ఇతని జన్మదినాన్ని దేశంలో గణాంక దినోత్సవంగా జరుపుతున్నారు.