మోకాళ్ళ మీద నేర్చుకున్న చదువు: జార్జి ముల్లర్

మన హాస్టల్ పిల్లలకు ప్రార్థన కొత్త విషయం కాదు. పొద్దున ఒకటి, అన్నం దగ్గర ఒకటి. నా రోజుల్లో అన్నం ప్రార్థన అంటే చేతిలో పళ్ళెం, లైనులో తోపులాట, చూపంతా సాంబారు గిన్నె మీద. నోరు దాని పని అది చేసుకుపోయేది. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు, ప్రార్థన చేయడం ఇతరుల దగ్గర నేర్చుకున్న ఒక మనిషి గుర్తుకొచ్చాడు. 10,000 మందికి పైగా అనాథ పిల్లలకు ఇల్లు, అన్నం, చదువు ఇచ్చిన జార్జి ముల్లర్.

ఆయన 1805 సెప్టెంబరు 27న ప్రష్యా దేశంలో పుట్టాడు. తండ్రి పన్నులు వసూలు చేసే ఉద్యోగి. ఇంట్లో ఉన్న సర్కారు సొమ్ములోంచి కొడుకు దొంగతనం చేసేవాడు. 14 ఏళ్ళప్పుడు తల్లి చనిపోయిన రాత్రి, ఆమె జబ్బు సంగతే తెలియక పేకాటలో కూర్చున్నాడు. 16 ఏళ్ళకు సత్రాల్లో బస చేసి డబ్బు కట్టలేక కొన్ని వారాలు జైలులో ఉన్నాడు. పాస్టరు అయితే జీవితం సుఖంగా గడుస్తుందని తండ్రి అతన్ని హాలే విశ్వవిద్యాలయంలో వేదాంతం చదవడానికి చేర్పించాడు. అప్పటికి అతని దగ్గర 300 దాకా పుస్తకాలున్నాయి, బైబిలు మాత్రం లేదు.

1825 నవంబరులో ఒక శనివారం సాయంత్రం స్నేహితుడితో కలిసి ఒక ఇంట్లో జరిగే కూటానికి వెళ్ళాడు. అక్కడ ఒకాయన లేచి మోకాళ్ళూని ప్రార్థన చేశాడు. మోకాళ్ళ మీద ప్రార్థించే మనిషిని జార్జి జీవితంలో మొదటిసారి చూశాడు. తాను అతనికంటే ఎంతో చదువుకున్నవాడు, అయినా అతనిలా ప్రార్థించడం తనకు చేతకాదని ఆ యువకుడికి అర్థమైంది. ఆ రాత్రి నుండి అతని బతుకు దారి మారింది.

హాలే పట్టణంలోనే నూరేళ్ళకు ముందు ఫ్రాంకే అనే బోధకుడు అనాథల కోసం పెద్ద ఆశ్రమం కట్టి ఉన్నాడు. విద్యార్థిగా ముల్లర్ అందులో రెండు నెలలు ఉచితంగా బస చేశాడు. అంటే ఆయన కూడా ఒకప్పుడు హాస్టల్ కుర్రాడే!

1829లో ముల్లర్ ఇంగ్లండు చేరారు. మరుసటి ఏడు మేరీ గ్రోవ్స్‌ను పెళ్ళాడారు. ఆమె అన్న ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట 1836లో మన దేశానికి బయలుదేరిన బౌడెన్, బీర్ దంపతులే తర్వాత నర్సాపురంలో స్థిరపడి గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశారు. చర్చిలో ముందు కుర్చీలు అద్దె కట్టగల వాళ్ళకే దక్కుతున్నాయని, ఆ అద్దె మీద నడిచే జీతాన్ని ముల్లర్ 1830లోనే వదులుకున్నారు. 1832లో బ్రిస్టల్ నగరానికి మకాం మార్చారు. అదే ఏడాది ఆ ఊళ్ళో కలరా వచ్చింది.

1835లో ఫ్రాంకే జీవితచరిత్ర చదివాక, అనాథాశ్రమం పెట్టాలన్న ఆలోచన గట్టిపడింది. ఇల్లు కావాలని, డబ్బు కావాలని, పనివాళ్ళు కావాలని ప్రార్థించారు. అన్నీ అమరాయి. 1836 ఫిబ్రవరి 3న పిల్లల దరఖాస్తులు తీసుకోవడానికి కూర్చుంటే, ఒక్కరూ రాలేదు! అన్నిటి కోసం అడిగాను గాని పిల్లలను పంపమని ఒక్కసారీ అడగలేదే అని అప్పుడు ఆయనకు తట్టింది. ఆ సాయంత్రమంతా దాని కోసమే ప్రార్థించారు. మర్నాడు మొదటి దరఖాస్తు వచ్చింది. నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే. అంత పెద్ద భక్తుడు కూడా ఇంత చిన్న విషయం మరచిపోయాడంటే మనసుకు ఎంతో దగ్గరగా అనిపిస్తుంది.

1838లో జబ్బుగా ఉన్నప్పుడు విట్‌ఫీల్డ్ అనే బోధకుడి చరిత్ర చదివారు. ఆయన మోకాళ్ళ మీద బైబిలు చదివేవాడని తెలిసి తానూ అలాగే మొదలుపెట్టారు. అయినా ఒక చిక్కు తీరలేదు. పొద్దున లేవగానే ప్రార్థనకు కూర్చుంటే అరగంట దాకా మనసు ఎటెటో తిరిగేది. 1841లో దానికి ఒక ఉపాయం దొరికింది. ముందు వాక్యం చదవడం, చదివిన దాన్ని నెమ్మదిగా మనసులో వేసుకోవడం, అందులోంచే ప్రార్థనలోకి వెళ్ళడం. పదేళ్ళకు పైగా బోధకుడిగా ఉన్న మనిషి, 35 ఏళ్ళ వయసులో మళ్ళీ మొదటి పాఠం దగ్గర కూర్చున్నాడన్నమాట.

ఏ మనిషినీ డబ్బు అడగకూడదన్నది ఆయన నియమం. చేతిలో పైసా లేని రోజుల్లో పనిచేసేవాళ్ళే తమ సొంత డబ్బు తెచ్చి పెట్టిన సందర్భాలున్నాయి. ఏటా ప్రచురించే నివేదికలే ఒక రకంగా విరాళాల అభ్యర్థన కాదా అని విమర్శించినవాళ్ళూ ఉన్నారు. ఆ ప్రశ్నలో కొంత న్యాయం లేకపోలేదు. తల్లిదండ్రులకు వివాహం కాని పిల్లలను చేర్చుకోకపోవడం కూడా నాకు మింగుడుపడదు.

విల్సన్ వీధి అద్దె ఇళ్ళలో పిల్లల గోల భరించలేమని 1845లో ఇరుగుపొరుగు ఫిర్యాదు చేశారు. (మన హాస్టల్ వెనక వీధివాళ్ళు గుర్తొచ్చారా?) దానితో ఆష్లీ డౌన్ అనే గుట్ట మీద సొంత భవనం కట్టారు. 1849లో మొదటిది, 1870 నాటికి అయిదు. 2,000 మందికి పైగా పిల్లలకు చోటు దొరికింది. బీదపిల్లలకు ఇంత చదువెందుకు, మిల్లుల్లో పనివాళ్ళు దొరకకుండా పోతారు అని కొందరు సణిగారు. మనకూ ఇలాంటి మాటలు చెవిన పడ్డవే. ముల్లర్ బడి మూయలేదు.

అయిదుగురు పరిచయస్తుల మారుమనస్సు కోసం 1844 నవంబరులో రోజూ ప్రార్థించడం మొదలుపెట్టారు. ఏడాదిన్నరకు ఒకరు మారారు. తర్వాత అయిదేళ్ళకు రెండోవారు, ఇంకో ఆరేళ్ళకు మూడోవారు. మిగిలిన ఇద్దరి కోసం 36 ఏళ్ళు దాటినా ఆపలేదు.

70వ ఏట నుండి ఎన్నో దేశాలు తిరిగారు. మన దేశానికీ వచ్చారు. 1890 జనవరిలో జబల్‌పూర్‌లో ఉండగా, తన ఒక్కగానొక్క కూతురు లిడియా మరణవార్త ఉత్తరంలో అందింది. 1898 మార్చి 9 సాయంత్రం ఆశ్రమంలో ప్రార్థన కూటం ఎప్పటిలాగే నడిపించి పడుకున్నారు. తెల్లవారి టీ తీసుకెళ్ళినవారికి మంచం పక్కన నేల మీద కనిపించారు. అప్పటికే ప్రాణం పోయింది. 92 ఏళ్ళు. పదిహేను లక్షల పౌండ్ల దాకా ఆయన చేతుల మీదుగా ఖర్చయింది. సొంత ఆస్తి లెక్క చూస్తే 160 పౌండ్ల పైచిలుకు మాత్రమే.