కాన్నీ మాక్

కాన్నీ మాక్ (1862 డిసెంబర్ 22 - 1956 ఫిబ్రవరి 8) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ బేస్‌బాల్ క్రీడాకారుడు, శిక్షకుడు. ఇతని అసలు పేరు కార్నీలియస్ మెక్‌గిలికడీ. 1901 నుండి 1950 వరకు 50 సీజన్లపాటు ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ జట్టుకు మేనేజరుగా పనిచేశాడు. అమెరికా బేస్‌బాల్‌లో జట్టు ప్రధాన శిక్షకుడిని మేనేజరు అని వ్యవహరిస్తారు. మేజర్ లీగ్ చరిత్రలో మేనేజరుగా అత్యధిక విజయాలు (3,731), అత్యధిక పరాజయాలు (3,948) రెండూ ఇతని పేరిటే ఉన్నాయి.

తొలి జీవితం

మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఈస్ట్ బ్రూక్‌ఫీల్డ్‌లో, ఐర్లండ్ నుండి వలస వచ్చిన కుటుంబంలో జన్మించాడు. చిన్నతనంలోనే చదువు మాని పాదరక్షల కర్మాగారంలో పనికి కుదిరాడు. 1886లో వాషింగ్టన్ జట్టు తరఫున క్యాచర్‌గా మేజర్ లీగ్‌లో ప్రవేశించాడు. క్యాచర్ స్థానం క్రికెట్‌లో వికెట్ కీపరు స్థానం వంటిది. 1890లో ఆటగాళ్ళ సంఘం ప్రారంభించిన ప్లేయర్స్ లీగ్‌లో చేరి, తాను కూడబెట్టిన సొమ్మును బఫెలో జట్టులో పెట్టాడు. ఆ లీగ్ ఒక్క ఏడాదికే మూతపడటంతో ఆ సొమ్ము పోగొట్టుకున్నాడు. 1894 నుండి 1896 వరకు పిట్స్‌బర్గ్ జట్టుకు, ఆ తరువాత మిల్వాకీ జట్టుకు మేనేజరుగా ఉన్నాడు.

అథ్లెటిక్స్ జట్టు

1901లో ఫిలడెల్ఫియాలో ఏర్పడిన అథ్లెటిక్స్ జట్టుకు ఇతడు మేనేజరే కాక యాజమాన్యంలో భాగస్వామి కూడా. ఆటల టిక్కెట్ల రాబడే జట్టుకు ప్రధాన ఆధారం. 1910, 1911, 1913 సంవత్సరాలలో జట్టు వరల్డ్ సిరీస్ గెలిచింది. 1914 సిరీస్‌లో బోస్టన్ చేతిలో వరుసగా నాలుగు ఆటలు ఓడింది. అప్పుడే పోటీగా వచ్చిన ఫెడరల్ లీగ్ వలన ఆటగాళ్ళ జీతాలు పెరిగాయి. వాటిని భరించలేక మాక్ ఎడ్డీ కాలిన్స్ వంటి మేటి ఆటగాళ్ళను ఇతర జట్లకు అమ్మివేశాడు. ఫలితంగా 1915 నుండి 1921 వరకు వరుసగా ఏడేళ్ళు జట్టు చివరి స్థానంలో నిలిచింది. 1916లో 36 ఆటలు గెలిచి 117 ఓడింది.

మాక్ యువ ఆటగాళ్ళను చేరదీసి జట్టును మళ్ళీ నిర్మించి 1929, 1930లలో వరల్డ్ సిరీస్ గెలిచాడు. 1929 సిరీస్‌కు ముందు, ఆ ఏడాది అంతగా ఆడని 35 ఏళ్ళ పిచ్చర్ హోవర్డ్ ఎంకీని ప్రత్యర్థి చికాగో కబ్స్ ఆటతీరు పరిశీలించి రమ్మని పంపాడు. తొలి ఆటలో బంతిని అనూహ్యంగా అతనికే అప్పగించాడు. ఎంకీ 13 మందిని స్ట్రైకౌట్ చేసి జట్టును గెలిపించాడు. అయితే ఆర్థిక మాంద్యం వలన ప్రేక్షకులు తగ్గారు. జిమ్మీ ఫాక్స్, లెఫ్టీ గ్రోవ్, మికీ కోక్రేన్ తదితరులను కూడా అమ్మవలసి వచ్చింది. ఆపై మాక్ నాయకత్వంలో జట్టు మరల లీగ్ విజేత కాలేదు. జట్టును రెండుసార్లు కట్టినదీ, విడదీసినదీ ఇతడే. గెలుపు ఓటముల రికార్డులు రెండూ ఇతనికే దక్కడానికి ఇదొక ముఖ్య కారణం.

విశేషాలు

ఇతడు జట్టు దుస్తులు ధరించక, కోటు, టై ధరించి కూర్చునేవాడు. చేతిలోని స్కోరు కాగితాన్ని ఊపుతూ ఫీల్డర్లను కదిలించేవాడు.

చివరి రోజులు

1937లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికయ్యాడు. 1950లో 87 ఏళ్ళ వయసులో పదవీ విరమణ చేశాడు. 1953లో ఫిలడెల్ఫియాలోని షైబ్ పార్కు మైదానానికి ఇతని పేరు పెట్టారు. మరుసటి ఏడాదే జట్టు అమ్ముడుపోయి, 1955లో కాన్సాస్ సిటీకి తరలిపోయింది. 1956లో 93 ఏళ్ళ వయసులో ఫిలడెల్ఫియాలో మరణించాడు.