ముత్యాలమ్మ మాటాడింది మన మాటే

కోచింగుకని హైదరాబాదెల్లిన మొదటి వారం. రూములో ఒకడు, మీదే ఊరని అడిగేడు. భోగాపురం కాడండి, ఏటి అన్నాను. ఆ ‘ఏటి’కి రూమంతా నవ్వేరు. సినిమాల్లో మన యాస ఎవరి నోట్లో పెడతారో మీకు తెలుసు కదా. పనోడు, దొంగ, తాగుబోతు. ఆర్నెల్లు నేను ఆ మాట మానీసేను.

ఊరొచ్చేక ఓ కథ దొరికింది. పేరు ‘మాయ’. రాసినాయన రాచకొండ విశ్వనాథశాస్త్రి, రావిశాస్త్రి అంటే అందరికీ తెలుస్తుంది. సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ, కొత్తగా నల్లకోటు ఏసుకున్న వకీలుకి లోకం ఎలా నడుస్తుందో చెప్తాది. పోలీసులేటి, కోర్టేటి, సాచ్చీకం ఎలా పుడతాది, అన్నీ ఇడమర్చి చెప్తాది. అచ్చం మా అప్ప మాటాడినట్టే. చదువుకున్నోడు నోరు మూసుకుని ఇంటాడు. నవ్వడానికి అక్కడ ఏమీ లేదు.

ఆయన 1922 జూలై 30న శ్రీకాకుళంలో పుట్టేరు. ఆంధ్రా యూనివర్సిటీలో ఫిలాసఫీ, మద్రాసులో లా చదివేరు. 1950 నుంచి విశాఖపట్నంలో వకీలు. పుట్టిన ఊరికీ పని చేసిన ఊరికీ మధ్య రోడ్డు మీదే మన భోగాపురం ఉన్నాది. ఆయన ఇంట్లో మాటాడే తెలుగు మాత్రం మనది కాదు. అది బ్రాహ్మల ఇల్లు. మన మాట ఆయనకి కోర్టు వరండాలో దొరికింది, కేసుల్లో ఇరుక్కుని వచ్చిన పేదోళ్ల దగ్గిర. ఎదురుగా నిలబడ్డోళ్ల గోడు ఇని ఫీజు పుచ్చుకుని ఊరుకునీ వకీళ్లు బోల్డుమంది. ఈయన ఆ గోడుని వాళ్ల మాటతోనే కాయితం మీద పెట్టేరు.

అప్పట్లో మన జిల్లాల్లో మద్యనిషేధం. చట్టం మంచిదే అనిపిస్తాది. జరిగినదేటంటే, కాసినోడికీ అమ్మినోడికీ వెనక డబ్బు పెట్టిన పెద్దమనిషి దొరకడు, మామూలు అందుకున్నోడు దొరకడు, కుండతో పట్టుబడిన ఆడది జైలుకెల్తాది. 1960ల మొదట్లో ఆయన రాసిన ‘ఆరు సారా కథలు’ ఆ చట్టం లోపల్నించి చూసి రాసినవి. ‘మాయ’ అందులోదే.

అంతకు ముందు ‘అల్పజీవి’ నవల రాసేరు. సుబ్బయ్యని ఓ గుమస్తా. కాంట్రాక్టరు గవరయ్య దగ్గిర అప్పు పుచ్చుకుని, ఆ భయంతో లోపల్లోపల ఎలా నలిగిపోతాడో అదే కథ. జేమ్స్ జాయిస్ పద్ధతి అంటారు పండితులు. నాకు మాత్రం అది చదువుతుంటే బ్యాంకు నోటీసొచ్చిన రోజు మా వీధిలోని ముఖాలు గుర్తొచ్చేయి.

‘సొమ్మలు పోనాయండి’ అని ఇంకో పుస్తకం ఉన్నాది. బయటోళ్లు నగలు పోయేయనుకుంటారు. మనకి చెప్పక్కర్లేదు, సొమ్మలంటే గొడ్లు.

ఒప్పుకోవాల్సినదొకటి ఉన్నాది. ఉపమానాలు మొదలెడితే ఆయన ఆపరు. ఒకదాని మీద ఒకటి ఏసుకుంటూ పోతారు, కథ అక్కడే నిలబడిపోతాది. ‘రాజు మహిషి’ నేను రెండుసార్లు మొదలెట్టి వదిలీసేను.

శ్రీకాకుళం కొండల్లో గిరిజనుల పోరాటం లేచిన రోజుల్లో ఆయన ఏ పక్కో దాచుకోలేదు. 1970లో విప్లవ రచయితల సంఘం పెట్టినప్పుడు అందులో ఉన్నారు. ఎమర్జెన్సీలో జైలుకెళ్లేరు. సాహిత్య అకాడమీ బహుమతి తిప్పి పంపీసేరు, యూనివర్సిటీ కళాప్రపూర్ణ ఇస్తానంటే వద్దన్నారు. ఆ బిరుదు పేరు పక్కన ఏసుకుంటే గౌరవం పెరిగీ రోజులవి, గుర్తుంచుకోండి.

1993 నవంబరు 10న పోయేరు.

మా అమ్మకి చదువు రాదు. మొన్న వానకి కరెంటు పోతే, ఫోను ఎలుగులో ‘మాయ’ చదివి ఇనిపించేను. ముత్యాలమ్మ మాటలొచ్చే దగ్గిర చేత్తో ఆగమంది.

ఈ మనిషిది మనకాడ ఏ ఊర్రా, అని అడిగింది.