ఇంద్రియములకు కావలి: పునీత అలోషియస్ గొంజాగా

గోదావరిఖని బొగ్గుగనులలోనికి దిగబోవు కార్మికుడు అగ్గిపెట్టెను, బీడీకట్టను వెలుపలనే విడిచిపోవలెను. లోపల మండెడు వాయువు పొంచియుండవచ్చును. ఒక్క నిప్పురవ్వ చాలును. మనస్సు విషయమున ఇట్టి నియమమునే జీవితాంతము పాటించినవాడు పునీత అలోషియస్ గొంజాగా.

ఆయన 1568 మార్చి 9న ఇటలీదేశమున కాస్తిగ్లియోనె సంస్థానాధిపతికి జ్యేష్ఠపుత్రుడై జన్మించెను. కుమారుని సేనానిగా చూడగోరిన తండ్రి పసితనముననే అతనిని సైనికశిబిరమునకు గొనిపోయెను. అచట విన్న బూతుమాటలను బాలుడు అర్థమెరుగకయే పలికెను. గురువు మందలింపగా సిగ్గిల్లి, ఆ దోషమునకై బ్రతికినంతకాలము పరితపించెను. చెవినబడినది నాలుకకెక్కుటకు ఎంతోసేపు పట్టదు గదా!

స్పెయిన్ చేరి, రాకుమారుని కొలువులో నుండియు చూపును అదుపున నుంచుకొనెను. సామ్రాజ్ఞి మరియ ముఖమునైనను తేరిచూడలేదని చరిత్రకారులు చెప్పుదురు. 1585లో వారసత్వమును తమ్మునికి వదలి, రోమునగరమున యేసుసభలో చేరెను. అచటి పెద్దలు ఆయన కఠోరోపవాసములను తగ్గింపుమనిరి. స్వేచ్ఛగా పూనిన వ్రతమును ఆజ్ఞకు లోబడి సడలించుకొనుట ఆయనకు మరింత కఠినమైన నిగ్రహమాయెను.

1591లో రోమున మహమ్మారి చెలరేగెను. రాజవైభవమును చూడనొల్లని ఆ కన్నులు వీధులలో పడియున్న రోగులనుండి మరలలేదు. వారిని మోసికొనిపోయి సేవించుచు, తానును వ్యాధిపాలై, జూన్ 21న, 23 ఏండ్ల ప్రాయమున కన్నుమూసెను.

1726లో పోపు 13వ బెనెడిక్టు ఆయనను పునీతునిగా ప్రకటించి, 1729లో విద్యార్థులకు పాలకునిగా నియమించెను. విశాఖపట్టణమున 1847లో వెలసిన పాఠశాల ఆయన పేరనే నడచుచున్నది.