పెన్ను, పేపర్ లేకుండా 20 నిమిషాల్లో.. మీ ఫోన్‌లో రూట్ చూపించే లెక్క కనిపెట్టిన డైక్‌స్ట్రా కథ ఇదీ!

ఏ బస్సెక్కాలి, మెట్రో ఎక్కడ మారాలి.. ఫోన్‌లో ఒక్క ట్యాప్‌తో తెలిసిపోతోంది. దీనికి పునాది వేసిన లెక్క 1956 నాటిది. విచిత్రం ఏంటంటే, ఆ లెక్క కనిపెట్టిన మనిషి ఇంట్లో టీవీ లేదు, చేతిలో మొబైల్ కూడా లేదు. ఆయనే ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా.

1930లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో పుట్టారు. నాన్నది కెమిస్ట్రీ, అమ్మది మ్యాథ్స్. లైడెన్ యూనివర్సిటీలో ఫిజిక్స్ చదువుతూనే 1952లో ఆమ్‌స్టర్‌డామ్ మ్యాథమెటికల్ సెంటర్‌లో ప్రోగ్రామర్‌గా చేరారు. టెన్షన్ మొదలైంది అక్కడే. అప్పట్లో ప్రోగ్రామింగ్‌ని ఎవరూ ఓ వృత్తిగా లెక్కేసేవాళ్లు కాదు. ఫిజిక్స్ వదిలేస్తే రేపు నాకేం వచ్చని చెప్పుకోవాలి? ఇదే ఆయన భయం. బాస్ వాన్ వైన్‌గార్డెన్ ధైర్యం చెప్పాక అటే మొగ్గారు.

1956లో సెంటర్‌లో ఆర్మాక్ అనే కొత్త కంప్యూటర్ ప్రారంభోత్సవం. మామూలు జనానికి అర్థమయ్యేలా ఏదో ఒకటి చూపించాలి. రెండు ఊళ్ల మధ్య దగ్గరి దారి చెప్పిస్తే? కాబోయే భార్య రియాతో షాపింగ్‌కి వెళ్లి, అలసిపోయి ఓ కేఫ్ బయట కాఫీ తాగుతూ ఆలోచించారు. 20 నిమిషాల్లో పద్ధతి దొరికేసింది. చేతిలో పెన్ను లేదు, పేపరూ లేదు!

పద్ధతి సింపుల్. బయల్దేరిన ఊరి నుంచి అన్నిటికన్నా దగ్గరున్న ఊరికి దూరం ఖాయం చేసేయాలి. అక్కడి నుంచి ముందుకెళ్లే దారులు కలుపుకుని, మిగిలినవాటిలో దగ్గరిది మళ్లీ ఖాయం చేయాలి. ఒకసారి ఖాయమైతే మళ్లీ చూడక్కర్లేదు. అందుకే లక్షల దారులు వెతికే పని తప్పుతుంది. ఆ డెమోలో పెట్టింది నెదర్లాండ్స్‌లోని 64 ఊళ్లు. కిలోమీటర్ల బదులు నిమిషాలు పెడితే బస్సులు, రైళ్లకూ ఇదే లెక్క. కాకపోతే అక్కడ స్టాప్‌లో ఎదురుచూసే టైమ్ కూడా కలపాలి. ఇప్పటి యాప్‌లు దీన్ని ఇంకా స్పీడ్‌గా మార్చుకుని వాడుతున్నాయి.

ఇంత చేసినా గుర్తింపు దక్కిందా అంటే.. 1957లో పెళ్లి రిజిస్టర్‌లో వృత్తి ప్రోగ్రామర్ అని రాస్తే, అలాంటి ఉద్యోగమే లేదని అధికారులు ఒప్పుకోలేదు. చివరికి థియరిటికల్ ఫిజిసిస్ట్ అని రాయించాల్సి వచ్చింది. ఆ లెక్క పేపర్‌గా అచ్చయింది 1959లో. మొత్తం మూడంటే మూడే పేజీలు!

ఆ తర్వాత సీన్ మారింది. 1972లో కంప్యూటర్ రంగంలో అతిపెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. 1984లో అమెరికా వెళ్లి టెక్సాస్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. కంప్యూటర్ సైంటిస్టే అయినా తన నోట్స్ మాత్రం ఎక్కువగా ఫౌంటెన్ పెన్నుతోనే రాసేవారు. అలా 1300కు పైగా పోగయ్యాయి. 2002 ఆగస్టు 6న సొంత దేశంలోనే క్యాన్సర్‌తో చనిపోయారు. వయసు 72 ఏళ్లు.

అన్నట్టు, అమెరికాలో భార్యతో కలిసి నేషనల్ పార్కులు తిరిగిన ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్‌కి ఆయన పెట్టుకున్న పేరేంటో తెలుసా? టూరింగ్ మెషీన్!