సువాసిని - యోగిని - కవయిత్రి : తరిగొండ వెంగమాంబ

ఆంధ్ర వాఙ్మయమున భక్తకవయిత్రుల సంఖ్య స్వల్పము. ఆ కొద్దిమందిలో తరిగొండ వెంగమాంబ స్థానము విలక్షణమైనది. లోకము పరస్పర విరుద్ధములని తలచిన స్థితులను ఆమె ఒకే జీవితమున ధరించినది. ఆమె వితంతువు, సువాసిని. ప్రియుని వలచిన నాయిక, అద్వైతమును బోధించిన యోగిని.

వెంగమాంబ సుమారు 1730లో నాటి చిత్తూరు ప్రాంతమున, గుర్రంకొండ సమీపమందలి తరిగొండ గ్రామములో జన్మించినది. తల్లిదండ్రులు కానాల కృష్ణయ్య, మంగమాంబ. బాల్యముననే వివాహమైనది, అచిరకాలముననే భర్త గతించెను. నాటి బ్రాహ్మణ కుటుంబములలో అట్టి స్త్రీకి శిరోముండనము, కుంకుమ గాజుల త్యాగము విధిగా ఉండెను. ఆమె అందుకు సమ్మతింపలేదు. శ్రీవేంకటేశ్వరుడే తన భర్త యని, ఆయన నిత్యుడు గనుక తనకు వైధవ్యము లేదని ఆమె భావన. శాస్త్రమును నిరాకరించుటగా కాక, మరింత గాఢమైన పాతివ్రత్యముగా ఆమె ఈ వైఖరిని నిలుపుకొన్నది. అయినను గ్రామస్థుల నిందలు తప్పలేదు. ముండనమును విధింప వచ్చిన పీఠాధిపతి యెదుట ఆమె మహిమ చూపినదను ఐతిహ్యము నేటికిని వినవచ్చుచున్నది. కథలోని అద్భుతము నెట్లున్నను, ఆమె యెంతటి అధికారమునకు ఎదురు నిలువవలసి వచ్చినదో అది తెలుపుచున్నది.

మదనపల్లెకు చెందిన రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి ఆమెకు గురువు. ఆయన వలన యోగవేదాంత రహస్యములు గ్రహించి, తరిగొండ నృసింహస్వామిపై శతకముతో రచన కారంభించినది. పిమ్మట తిరుమల చేరి జీవితాంతము అచటనే నివసించినది. తుంబురుకోనలో ఆమె తపస్సు చేసినదని సంప్రదాయము చెప్పుచున్నది.

ఆమె రచనలలోను ఈ ద్వైవిధ్యము స్పష్టము. శ్రీవేంకటాచల మాహాత్మ్యమున పద్మావతీ పరిణయమును వర్ణించినది. అదే లేఖిని వాసిష్ఠ రామాయణమున వసిష్ఠుడు రామునకు చేసిన జ్ఞానోపదేశమును ద్విపదలో పలికినది. వైష్ణవ భక్తురాలై యుండియు శివనాటకమును రచించినది. ద్విపద భాగవతము, రాజయోగామృతసారము, ముక్తికాంతావిలాసము మున్నగునవి ఆమె ఇతర కృతులు. గహనమైన వేదాంతమునకు దేశిచ్ఛందస్సైన ద్విపదను, పామరజన ప్రియమైన యక్షగానమును వాహకములుగా చేయుట గమనింపదగినది. శాస్త్రపఠనమున కనర్హులుగా ఎంచబడిన స్త్రీలకు సైతము ఆ జ్ఞానము చెవిసోకు మార్గమది.

భగవంతుని పతిగా వరించినవారు ఇతర భాషలయందును కలరు. కన్నడదేశపు అక్కమహాదేవి సంసారమును విడిచినది. మీరాబాయి రాజగృహమును వీడినది. వెంగమాంబ తొలుత విడువ నిరాకరించినది సుమంగళీ చిహ్నములను. ఆ నిరాకరణమే ఆమె ప్రత్యేకత. కుంకుమయు గాజులును సంసారబంధ చిహ్నములు గాక, ఆమెయందు వైరాగ్య చిహ్నములైనవి.

1817లో ఆమె తనువు చాలించినది. తిరుమలలో ఆమె బృందావనము కలదు. ఆమె చేసిన అన్నదానమును స్మరించుచు, 2011లో ప్రారంభమైన తిరుమల అన్నప్రసాద భవనమునకు ఆమె పేరుంచిరి. రాత్రి ఏకాంతసేవలో తాళ్లపాకవారి లాలితో పాటు తరిగొండవారి హారతి నేటికిని జరుగుచున్నది. శుభకార్యములకు వితంతువును దూరముంచిన సమాజమున, స్వామికి దినాంతమున పట్టు మంగళహారతి ఆమె పేరిటనే నిలిచినది. ఆమె ఎవరన్న వివాదమునకు ఇంతకంటె సమాధానము వేరొండు లేదు.