సర్ ఆర్థర్ కాటన్

నాసికకు సమీపమున త్ర్యంబకేశ్వరముకడ జన్మించిన గోదావరి సుమారు 900 మైళ్లు ప్రవహించి, రాజమహేంద్రవరము దాటిన పిమ్మట పాయలుగా చీలి సముద్రమున కలియుచున్నది. ఆ పాయల నడుమనున్న నేల ఒండ్రుమట్టితో నిండిన సారవంతమైన భూమి. అయినను పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున ఆ సీమలో ప్రజలు తిండిలేక మాడుచుండిరి. వర్షాకాలమున నది పొంగి పైరులను ముంచుచుండెను. తక్కిన దినములలో నీరు పొలములకు అందక వృథాగా కడలిపాలగుచుండెను. నందన సంవత్సరమున, అనగా 1832–33లో, ఘోరక్షామము సంభవించెను. ధాన్యమున్న చోటినుండి లేనిచోటికి చేర్చుటకు సాధనములు కఱవయ్యెను. 1839లో కోరంగి తీరమున ఉప్పెన వచ్చి ఊళ్లను ముంచివేసెను. 1821లో 7,38,000కు పైబడియున్న రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5,61,000కు తగ్గిపోయెను.

ఈ దురవస్థను మార్చిన మహనీయుడు ఆర్థర్ కాటన్. ఆయన 1803వ సంవత్సరము మే 15వ తేదీన జన్మించెను. బాల్యముననే ఈస్టిండియా కంపెనీవారి సైనిక విద్యాలయమున చేరి, ఇంజనీరు విద్య నేర్చి, 1821లో మద్రాసునకు వచ్చెను. కొంతకాలమునకు కావేరి సీమలోని నీటిపనులు ఆయనకు అప్పగింపబడెను. అచ్చట కావేరి నీరు పల్లముగానున్న కొల్లడము పాయలోనికి జారిపోవుచుండుటచే తంజావూరు పొలములు ఎండుచుండెను. కాటన్ 1836లో కొల్లడముపై ఆనకట్ట పని ఆరంభించి, ఆ నీటిని మరల కావేరికి మఱలించెను. ఆ పనిలో చోళరాజులు కట్టించిన కల్లణై ఆయనకు గురువయ్యెను. రాతినేల దొరకని నదిలో ఇసుకమీదనే పెద్దరాళ్లను వేసి, అవి క్రుంగినకొలది మరల రాళ్లు పేర్చి, చెదరని పునాదిని నిలుపు విధానమును ఈ దేశపు ప్రాచీనులవలననే నేర్చితినని ఆయన దాపరికము లేక ఒప్పుకొనెను.

1844లో గోదావరి సీమను పరిశీలించుపని ఆయనకు లభించెను. నేల వాలును కొలిచి చూడగా ఆయనకు ఒక విషయము స్పష్టమయ్యెను. డెల్టాభూమి నదిగట్టుకడ ఎత్తుగానుండి, దూరము పోయినకొలది పల్లమగును. కావున పాయలు చీలకముందే నదికి అడ్డముగా ఆనకట్ట కట్టి నీటిమట్టమును పెంచినచో, ఆ నీరు కాలువలవెంట తనంతట తానే పొలములకు పారును. ఇందుకు ధవళేశ్వరము తగినచోటని ఆయన నిర్ణయించెను.

అయితే ఆనాటి పాలకులకు శిస్తు వసూలుచేయుటయందున్న శ్రద్ధ నీటికొఱకు వ్యయము చేయుటయందు లేకుండెను. అంత పెద్దనదికి అడ్డుకట్ట వేయుట సాధ్యమా అని సందేహించినవారును ఉండిరి. కాటన్ వారికి లెక్కల రూపముననే సమాధానము చెప్పెను. నీరులేని పొలము రైతునకు కూడు పెట్టదు, ప్రభుత్వమునకు శిస్తు చెల్లింపదు. నీరుగల పొలము ఇరువురను పోషించును. కాలువలలో పడవలు నడచినచో పంటను తక్కువ ఖర్చుతో అంగడికి చేర్పవచ్చును. కఱవు వచ్చిన చోటికి ధాన్యమును పంపవచ్చును. ఎట్టకేలకు అనుమతి లభించెను.

1847లో పని ప్రారంభమయ్యెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, నడుమనున్న లంకలను కలుపుకొనుచు, పండ్రెండడుగుల ఎత్తున ఆనకట్ట నిర్మాణము సాగెను. ధవళేశ్వరపు కొండలనుండి రాళ్లను తీసి నదిలోనికి చేర్చిరి. ఇసుకలో బావులు దింపి వానిపై కట్టడము లేపిరి. వరదలు రాని కొద్ది మాసములలోనే పని జరుగవలెను. వేలాది కూలీలు మండుటెండలో చెమటోడ్చిరి. తెలుగువాడగు వీణం వీరన్న కాటన్‌కు కుడిభుజమై పనివారిని సమకూర్చెను. 1848లో కాటన్ ఆరోగ్యము చెడి, పనిని తోటి ఇంజనీరుకు ఒప్పగించి దేశాంతరము పోవలసివచ్చెను. 1850లో మరలివచ్చి ఆయన తిరిగి పనిలో నిమగ్నుడయ్యెను. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను.

కాలువలు సాగినకొలది బీళ్లు వరిమళ్లుగా మాఱెను. వలసపోయిన సీమకే వలస రాసాగిరి. లాకులద్వారా పడవలు ఊరూర ధాన్యమును మోసెను. కాటన్ ప్రోద్బలముననే బెజవాడకడ కృష్ణానదిపై 1852లో ఆరంభమైన ఆనకట్ట 1855లో పూర్తియయ్యెను. 1861లో ఆయనకు సర్ బిరుదము లభించెను.

ఆయన తలపెట్టినవన్నియు ఫలించినవని చెప్పరాదు. ఆయన ఆలోచనను అనుసరించి ఒక కంపెనీ తుంగభద్ర నీటితో కర్నూలు–కడప కాలువను త్రవ్వించెను. వ్యయము అంచనాను మించెను. అచ్చటి నల్లరేగడిలో రైతులు మెట్టపైరులు పండించువారు. వాన సరిగా కురిసిన ఏడు వారు కాలువనీటిని కోరలేదు. 1882లో ప్రభుత్వము ఆ కాలువను కొనవలసివచ్చెను. నీరు ఒక్కటే చాలదనియు, నేలతీరును సేద్యపురీతిని గమనింపవలెననియు ఈ అనుభవము తెలుపుచున్నది.

ఉద్యోగము విరమించి ఇంగ్లండునకు పోయిన పిదపకూడ ఆయన ఊరకుండలేదు. రైళ్లకు వెచ్చించు ధనములో కొంతయైనను కాలువలకు వెచ్చింపుడని వాదించుచునే యుండెను. 1876–78 మధ్య దక్షిణదేశమున భయంకరక్షామము వచ్చి లక్షలకొలది ప్రజలు మరణించిరి. 1878లో పార్లమెంటు సంఘము ఈ విషయమును విచారించినపుడు, డెబ్బదియైదేండ్ల కాటన్ దాని యెదుట నిలిచి కఠినమైన ప్రశ్నలను ఎదుర్కొనెను. వార్ధక్యమునను తన తోటలో నేలను లోతుగా త్రవ్వి గోధుమ పండించుచు, కొద్దినేలలో ఎక్కువపంట తీయు మార్గమును శోధించెను. 1899 జూలై 24న, తొంబదియాఱేండ్ల వయస్సున, ఆయన పరమపదించెను.

ఆయన కట్టిన ఆనకట్ట నూఱేండ్లకు పైగా సేవచేసెను. అది శిథిలము కాగా దానికి బదులుగా 1982 నాటికి నిర్మింపబడిన బ్యారేజికి ఆయన పేరే పెట్టిరి. దానిక్రింద నేడు సుమారు పది లక్షల ఎకరములు సాగగుచున్నవి. గోదావరిలో స్నానసంకల్పము చెప్పుకొనువేళ పూర్వులు ఆ దొరను స్మరించెడివారని పెద్దలు చెప్పుదురు. పరదేశీయుడైనను, ఆకలిగొన్నవారికి అన్నము పెట్టినవానిని తెలుగువారు తమవానిగానే భావించిరి.